స్పేస్ కొడితే జిల్లా పేరు!

ఒక అబ్బాయి మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో 'శ్రీపొనె' అని కొట్టి స్పేస్ నొక్కాడు. తెర మీద 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా' అని పడింది. ఎలా?

మంత్రమేమీ లేదు, ఉన్నదల్లా ఒక పట్టిక. స్పేస్ గానీ, చుక్క గానీ పడగానే మాట పూర్తయిందని వర్డ్ అనుకుంటుంది. ఆ మాట పట్టిక ఎడమ గడిలో దొరికితే, కుడి గడిలోది తెచ్చి దాని చోట పెడుతుంది. బ్రాకెట్ల మధ్య ఇంగ్లిష్ 'సి' కొడితే కాపీరైట్ గుర్తు రావడమూ ఈ పట్టిక పనే.

ఆ అబ్బాయిలా మన మాటలూ ఈ పట్టికలో చేర్చాలంటే ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్ వరుసగా తెరవాలి. 'రీప్లేస్'లో పొట్టిమాట, 'విత్'లో పూర్తిమాట రాసి 'యాడ్' నొక్కాలి.

పొట్టిమాటగా రోజూ వాడే మాట మాత్రం పెట్టకూడదు. 'నెల' అని పెడితే, 'నెల రోజులు' రాయబోయినా నెల్లూరు జిల్లా వచ్చి కూర్చుంటుంది! అలా జరిగిన వెంటనే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే 'నెల' తిరిగొస్తుంది.