అక్షింతల పురుగుల సమూహం: దగ్గరి ఛాయాచిత్రం తెలిపే విషయాలు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఓక్లాండ్ నగరాన్ని ఆనుకొని ఉన్న కొండలలో రెడ్‌వుడ్ ప్రాంతీయ ఉద్యానవనం ఉంది. చలికాలంలో అక్కడి వాగు వెంబడి సాగే కాలిబాట పక్కన కూలిన దుంగలు, కంచె గుంజలు, పొదల కొమ్మలు వేలాది అక్షింతల పురుగులతో నిండి ఎర్రగా కనిపిస్తాయి. సందర్శకుల చిత్రాలలో అధికభాగం ఈ ఎర్రదనాన్నే చూపుతాయి. కాని ఆ సమూహంలో ఉన్నది ఏ జాతి, ఆ పురుగులు ఏ స్థితిలో ఉన్నవి అనే ప్రశ్నలకు సమాధానం దగ్గర నుండి తీసిన చిత్రంలోనే లభిస్తుంది.

ఈ జాతి శాస్త్రీయ నామం హిప్పోడేమియా కన్వర్జెన్స్. దీని పొడవు సుమారు 4 నుండి 7 మి.మీ. ముందు రెక్కలపై నల్లని మచ్చల సంఖ్య ఒక్కొక్క పురుగులో ఒక్కొక్క విధంగా ఉంటుంది. కొన్నింటిలో మచ్చలే ఉండవు. అందువలన మచ్చల లెక్కతో జాతిని నిర్ధారించరాదు. తల వెనుకనున్న నల్లని వక్షఫలకంపై ఒకదానివైపు ఒకటి వాలిన రెండు తెల్లని గీతలే దీని గుర్తు. ఇంతటి సమీప చిత్రంలో స్పష్టత కొద్ది మిల్లీమీటర్ల లోతుకే పరిమితమవుతుంది. కనుక కెమెరాను పురుగు వీపుకు సమాంతరంగా నిలిపి, వక్షఫలకంపై దృష్టి కేంద్రీకరించాలి. మెరిసే రెక్కలపై వెలుగు చుక్కలు పడి మచ్చలు మరుగున పడకుండా ఫ్లాష్ కాంతిని పలుచని తెల్లని తెర ద్వారా పంపడం మేలు.

గుంపుగా చేరిన ఈ పురుగులు సుప్తావస్థలో ఉంటాయి. అంతకుముందు శరీరంలో నిల్వ చేసుకున్న కొవ్వే వాటికి చలికాలపు ఆధారం. వాటిని కదిలిస్తే ఆ నిల్వ వృథా అవుతుంది. కాళ్ళ కీళ్ళ నుండి పసుపు రంగు చేదు ద్రవం స్రవిస్తే అవి బెదిరినట్లు గ్రహించి వెనుకకు తగ్గాలి. చల్లని ఉదయవేళ, దుంగను తాకకుండా, ఊపిరి సోకనంత దూరం నుండి చిత్రించడం ఉత్తమం.

ఈ స్థితిని గుర్తించడం జీవనియంత్రణలోనూ ముఖ్యమే. కాలిఫోర్నియా కొండలలోని ఇటువంటి గుంపుల నుండి పురుగులను సేకరించి, పేనుబంక నివారణకై విక్రయించడం చాలాకాలంగా జరుగుతున్నది. అయితే విడుదల చేసిన పురుగులలో అధికభాగం కొద్దిరోజులలోనే ఎగిరిపోతాయి. సుప్తావస్థ వీడిన పురుగుకు వలస పోవడం సహజ గుణం. పైగా ప్రౌఢ పురుగుల శరీరంలో పెరిగే డైనోకాంపస్ కాక్సినెల్లే అనే పరాన్నజీవి కందిరీగ కూడా వాటితోపాటు కొత్త ప్రాంతానికి చేరగలదు. గుంపు పెద్దదైనంత మాత్రాన పొలంలో ఫలితం పెద్దది కాదు.

తెలుగు రాష్ట్రాలలో దగ్గరి చిత్రానికి మరొక అవసరం ఉన్నది. పేనుబంకను తినే మిత్రపురుగులనూ, వంగ ఆకులను తినే ఎపిలాక్నా పెంకుపురుగునూ "అక్షింతల పురుగు" అనే ఒకే పేరుతో పిలుస్తారు. దూరం నుండి తీసిన చిత్రాన్ని చూసి సలహా ఇస్తే, మిత్రపురుగుపైనే మందు పిచికారీ చేయించే ప్రమాదం ఉంది. దగ్గరి చిత్రంలో ఎపిలాక్నా రెక్కలపై సన్నని నూగు ఉండి, మెరుపు తక్కువగా కనిపిస్తుంది. దాని పసుపుపచ్చని పిల్లపురుగుకు కొమ్మలుగా చీలిన ముళ్ళుంటాయి. మిత్రజాతులలో సాధారణమైన ఆరుమచ్చల అక్షింతల పురుగు రెక్కలు నున్నగా మెరుస్తూ, వాటిపై వంకర నల్లచారలు ఉంటాయి.

అందువలన విస్తరణ సిబ్బంది ప్రతి సందర్భంలో మూడు చిత్రాలు తీసుకోవడం ఉపయుక్తం: మొక్క మొత్తం ఒకటి, పురుగు ఉన్న ఆకు ఒకటి, పురుగు వీపు దగ్గరగా ఒకటి. రెండవ చిత్రంలో పేనుబంక ఉన్నదా, పత్రహరితం గోకివేయబడి ఈనెలు మిగిలాయా అన్నది తప్పక కనిపించాలి. మందు గురించిన నిర్ణయం ఆ తరువాతే తీసుకోవాలి.