కట్ట మీద షికారు, కట్ట కింద ఊరు: పాత మట్టికట్ట ఎలా నిలబడుతుంది, ఎందుకు తెగుతుంది?

ఇవాళ మట్టికట్టల గురించి మాట్లాడుకుందాం. పాత చెరువు కట్టలు, రిజర్వాయర్ కట్టలు. అవి నీళ్ళను ఎలా ఆపుతాయి, ఎందుకు తెగుతాయి, ఆదివారం పూట వాటి మీద షికారుకి వెళ్ళే మనం ఏం గమనించాలి, ఈ మూడూ చూద్దాం.

ముందు మన చోటు సంగతి. హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తుంటే కోదాడ దాటాక పాలేరు వంతెన వస్తుంది. అవతల తెలంగాణ, ఇవతల గరికపాడు, ఆ తర్వాత జగ్గయ్యపేట. 2024 సెప్టెంబర్ 1న ఇక్కడ పాలేరు పొంగి హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి, వంతెన దెబ్బతింది. అదే వరదల్లో కోదాడ వైపు కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువ కట్టకి గండి పడింది.

ఈ పాలేరుకి ఎగువన, ఖమ్మం జిల్లా కూసుమంచి మండలంలో పాలేరు రిజర్వాయర్ ఉంది. నిజాం కాలం నాటి చెరువు అది. తర్వాత నాగార్జునసాగర్ ఎడమ కాలువ, అంటే లాల్ బహదూర్ కాలువ వచ్చాక దాన్ని బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌గా వాడుకుంటున్నారు. నిండు మట్టం 23 అడుగులు, నిల్వ సుమారు 2.5 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లెక్క కడితే 2.5 టీఎంసీల బరువు ఏడు కోట్ల టన్నులు. పది టన్నుల ట్యాంకర్లలో పోస్తే డెబ్భై లక్షల ట్యాంకర్లు! పొలాలకి, తాగునీటికి ఆధారం అది. సెలవు రోజున జనం వెళ్ళి కూర్చునే చోటు కూడా అదే. ఏటి దిగువన ఉన్నవాళ్ళకి మాత్రం కంటికి కనపడని కట్ట. 2024లో ఆ కట్ట నిలబడింది, నీరు అలుగు మీదుగా దిగింది. కట్ట తెగకుండానే హైవే ఆగితే, కట్ట ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు కదా.

సరే, మట్టికట్ట ఎలా పనిచేస్తుంది? చాలామంది అనుకునేది ఏంటంటే, మంచి కట్ట నుంచి చుక్క కూడా కారకూడదని. అలా ఉండదండీ. ప్రతి మట్టికట్టలోనూ నీరు ఊరుతుంది. మధ్యలో బంకమట్టి పెట్టి గట్టిగా దిమ్మిస చేస్తారు. అది నీటి నడకను బాగా తగ్గిస్తుంది. నీళ్ళ వైపు అలల కోత తగలకుండా రాతి పరుపు, అంటే రివిట్‌మెంట్ వేస్తారు. బయటి వైపు, కట్ట పాదం దగ్గర ఇసుక, కంకర, రాళ్ళు పొరలుగా పెడతారు. ఊరిన నీరు ఆ పొరల్లోంచి బయటకు పోతుంది, మట్టి మాత్రం లోపలే ఆగుతుంది. డికాషన్ వడగట్టినట్టు అన్నమాట. కాబట్టి ఊట రంగు చూడాలి. తేటగా, ఎప్పుడూ వచ్చేంతే వస్తుంటే కట్ట తన పని తాను చేసుకుంటున్నట్టు. మురికిగా వస్తున్నా, నిన్నటి కంటే ఎక్కువ వస్తున్నా, లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టు. దాన్నే మనవాళ్ళు బుంగ పడింది అంటారు.

బుంగ ఎంత తొందరగా పెద్దదవుతుందో చెప్పడానికి ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో ఐడహో రాష్ట్రంలో టీటన్ డ్యామ్, దాదాపు 300 అడుగుల ఎత్తు మట్టికట్ట, కొత్తది, మొదటిసారి నింపుతున్నారు. 1976 జూన్ 5న పొద్దున్నే బురదనీటి ఊట కనిపించింది. బుల్డోజర్లతో పూడ్చబోయారు. మధ్యాహ్నం పన్నెండు కాకముందే కట్ట తెగిపోయింది. 11 మంది చనిపోయారు.

రెండో రకం ప్రమాదం, నీరు కట్ట నెత్తి మీదుగా పొర్లడం. రాతి కట్టడం మీంచి నీరు పారితే కొంతసేపు తట్టుకుంటుంది. మట్టికట్ట తట్టుకోదు. బయటి వాలు కోసుకుపోతూ వెనక్కి వెనక్కి తినేస్తుంది. గుజరాత్‌లో మచ్చు-2 డ్యామ్ 1979 ఆగస్టు 11న ఇలాగే పోయింది. లెక్క వేసిన దానికి దాదాపు మూడింతల వరద వచ్చింది. మధ్యలో రాతి కట్టడం నిలిచింది, రెండు పక్కల మట్టికట్టలు కొట్టుకుపోయాయి, మోర్బీ పట్టణం మునిగింది.

మన దగ్గర కూడా చూశాం. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి రాజంపేట వైపు ఊళ్ళు కొట్టుకుపోయాయి. 2024 జూలై 18 రాత్రి అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లిలో పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. కట్ట తెలంగాణలో ఉంది, ఆయకట్టు ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది. తెగినప్పుడు నీళ్ళు వేలేరుపాడు వైపు వచ్చాయి. ఈ రెండు చోట్లా అవసరమైన వేళకి అన్ని గేట్లూ లేవలేదని వార్తల్లో చదివాం. వరద ఎంత పెద్దదైనా, దారి మూసుకుంటే కట్టకి దిక్కు ఉండదు.

ఇక్కడ అలుగు గురించి ఒక లెక్క చెప్తాను, గుర్తుపెట్టుకోండి. అలుగు మీద నీటి లోతు రెట్టింపైతే పారే నీరు రెండింతలు కాదు, దాదాపు 2.8 రెట్లు అవుతుంది. తిరగేసి చూడండి. అలుగు నుంచి కట్ట నెత్తికి ఆరడుగులు ఉందనుకుందాం. ఇంకాస్త నీరు ఆపుదామని అలుగు మీద రెండడుగులు ఇసుక బస్తాలు వేశారు. మిగిలింది నాలుగడుగులు. అప్పుడు కట్ట పొర్లకుండా అలుగు వదలగలిగే వరద దాదాపు సగానికి పడిపోతుంది! చేపలు పోకుండా అలుగుకి అడ్డంగా వలలు, జాలీలు కట్టినా అంతే. గుర్రపుడెక్క, కంప వచ్చి పట్టుకుంటే అది గోడ అయిపోతుంది. రైతుకి నీరు కావాలి, మత్స్యకారుడికి చేప కావాలి, రెండూ న్యాయమే. కానీ వానాకాలంలో అలుగు ఖాళీగా ఉండాల్సిందే.

ఇప్పుడు షికారు సంగతి. మనకి ఇది కొత్త కాదు. హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ మీద బఠానీలు తింటూ నడిచేవాళ్ళలో ఎంతమందికి తాము 16వ శతాబ్దం నాటి హుస్సేన్‌సాగర్ కట్ట మీద ఉన్నామని గుర్తుంటుంది? లక్నవరం కాకతీయుల నాటి చెరువు, ఇవాళ వేలాడే వంతెనకి, పడవలకి పేరు. చెరువు దగ్గరికి జనం రావడం మంచిదే. నలుగురు తిరిగే కట్ట మీద కంప పెరగదు, దారి బాగుంటుంది, తేడా వస్తే ఎవరో ఒకరు చూస్తారు.

కానీ దానికీ పద్ధతి ఉంది. కట్టలో గుంతలు తవ్వి స్తంభాలు పాతడం, కట్టకి అడ్డంగా పైపులు వేయడం, బయటి వాలు చదును చేసి దుకాణాలు పెట్టడం, ఇవన్నీ నీటికి దారి చూపించడమే. నీడ కోసం కట్ట వాలు మీద పెద్ద చెట్లు పెంచడం కూడా మంచిది కాదు. చెట్టు చచ్చాక వేరు కుళ్ళి, ఆ చోట సొరంగం మిగులుతుంది. గడ్డి చాలు. ఇంకోటి, పడవలు బాగా తిరగాలంటే నిండుగా ఉండాలి, వరద ఆపాలంటే కాస్త ఖాళీ ఉండాలి. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ఖాళీకే మొగ్గు చూపాలి. అలాగని ఒక్కసారిగా దించేయకూడదు. నీరు చరచరా దిగితే తడిసి బరువెక్కిన లోపలి వాలు జారిపోవచ్చు. ముందునుంచి నెమ్మదిగా దించాలి.

మన ప్రాణాల సంగతి కూడా. పారే అలుగు మీద నిలబడి ఫోటోలు దిగకండి, దాటకండి. నాచు పట్టిన రాయి మీద మోకాలి లోతు ప్రవాహం చాలు, మనిషిని పడేయడానికి. తూము దగ్గర ఈత అస్సలు వద్దు, నీరు లోపలికి లాగేస్తుంది.

చట్టం ఏమంటుంది? 2021 డ్యామ్ భద్రతా చట్టం ప్రకారం 15 మీటర్లు దాటిన డ్యాములన్నీ, 10 నుంచి 15 మీటర్ల మధ్య కొన్ని షరతులకి లోబడినవీ దీని కిందకు వస్తాయి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనిఖీ చేయాలి. అత్యవసర ప్రణాళిక ఉండాలి. మన ఊరి చెరువుల్లో చాలావాటి కట్టలు అంత ఎత్తు ఉండవు. వాటికి ఒకప్పుడు నీరటి కాపు ఉండేవాడు, వానలో లాంతరు పట్టుకుని కట్ట నడిచేవాడు. ఇప్పుడు చాలా చోట్ల ఆ మనిషి లేడు. ఆ నడక మాత్రం ఎవరో ఒకరు నడవాలి.

అందుకని ఈసారి కట్ట మీదికి వెళ్తే పావుగంట ఇలా ఖర్చుపెట్టండి. నెత్తిన పగుళ్ళు, కుంగిన చోట్లు ఉన్నాయా? రివిట్‌మెంట్ రాళ్ళు జారాయా? ఎలుకలు, ఎండ్రకాయలు చేసిన బొరియలు ఉన్నాయా? కిందకి దిగి పాదం దగ్గర చూడండి. ఎండాకాలంలో ఒక్క చోటే పచ్చగా, బురదగా ఉందా? ఊట తేటగా ఉందా, మురికిగా ఉందా? ఒకే చోట నిలబడి ఫోటో తీయండి, మళ్ళీ వచ్చినప్పుడు అక్కడే ఇంకోటి తీయండి. తేడా కనిపిస్తే లస్కర్‌కి, ఇరిగేషన్ ఏఈకి, పంచాయతీకి ఆ రోజే చెప్పండి. మురికి ఊట కనిపిస్తే మీరే బంకమట్టి కుక్కి మూయకండి, నీరు పక్కన ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇంజనీర్లు వచ్చి చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, ఇసుక, కంకర, రాయి వరసగా వేసి, మట్టిని ఆపి నీటిని వదులుతారు.

మీ ఊరి చెరువు అలుగు ఎలా ఉందో, కట్ట ఎలా ఉందో చూసి మాకు రాయండి. వానలు మొదలయ్యేలోపు ఒక్కసారి నడిచి రండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.