మద్యం, గంజాయి: జంట మత్తు

అమెరికా కళాశాలల్లో కొందరు విద్యార్థులు మద్యాన్ని, గంజాయిని ఒకే పూట సేవిస్తున్నారు. ఈ రెండూ కలిసినప్పుడు ఒకదాని హానిని మరొకటి పెంచుతుంది. మద్యం తోడైతే గంజాయిలోని మత్తు పదార్థం రక్తంలో మరింత అధికంగా చేరుతుందని అయోవా విశ్వవిద్యాలయంలో జరిగి 2015లో వెలువడిన పరిశోధన తెలిపింది. పైగా గంజాయికి వాంతిని అణచే గుణం ఉంది. కనుక మితిమీరి తాగిన మద్యాన్ని శరీరం వెళ్లగక్కే అవకాశం తగ్గవచ్చు.

ఖుర్ఆన్‌లో గంజాయి పేరు లేదు కదా అని వాదించేవారున్నారు. నిషేధానికి కారణం పేరు కాదు, మత్తు. ఈ ఆధారంతోనే 1328లో మరణించిన ఇబ్నె తైమియా హషీష్‌ను హరామ్‌గా నిర్ణయించారు. షరీఅత్ కాపాడదలచిన ఐదింటిలో ప్రాణం, బుద్ధి ఉన్నాయి. జంట మత్తు ఈ రెండింటినీ ఒకేసారి ప్రమాదంలో పడవేస్తుంది. తల్లిదండ్రులు పిల్లలకు నిషేధాన్ని మాత్రమే గాక దాని కారణాన్ని కూడా వివరించాలి.