ఎలక్ట్రిక్ గిటారు పికప్‌ల ఎంపిక

ఎలక్ట్రిక్ గిటారు పికప్ అనగా గిటారు తీగల కంపనాలను విద్యుత్ సంకేతాలుగా మార్చే పరికరం. ఇది తీగల క్రింద, గిటారు చెక్కలో తొలిచిన గాడిలో అమర్చబడి ఉంటుంది. తయారీదారు అమర్చిన పికప్‌ను తొలగించి వేరొకదానిని బిగించుకొనడం రాక్ సంగీత వాద్యకారులలో 1970వ దశకం నుండి వ్యాప్తిలోనికి వచ్చినది. హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయాలు. అక్కడి రికార్డింగు గదులలో వాయించే గిటారు కళాకారునికి రాక్ బాణీ, మెలొడీ, జానపద బాణీ మూడింటినీ ఒకే వాద్యంపై పలికించవలసిన సందర్భాలు ఎదురవుతాయి. అందువలన పికప్ ఎంపిక కేవలం అభిరుచికి సంబంధించినది కాక వృత్తికి కూడా సంబంధించినది.

పనిచేయు విధానం

1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే పికప్‌కు ఆధారం. పికప్‌లో ఒక అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లుగా చుట్టిన సన్నని రాగితీగ ఉంటాయి. ఈ రాగితీగ మందం సాధారణంగా 0.063 మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు తలవెంట్రుకంత. గిటారు ఉక్కుతీగ పైనున్న అయస్కాంత క్షేత్రంలో కంపించినపుడు ఆ క్షేత్రం మారుతుంది. ఆ మార్పు వలన చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. దానిని యాంప్లిఫయరు పెద్దది చేసి స్పీకరుకు అందిస్తుంది.

దీనిని బట్టి రెండు విషయాలు గ్రహించవచ్చును. మొదటిది, పికప్ గాలిలోని ధ్వనిని వినదు. తీగ కదలికను మాత్రమే గ్రహిస్తుంది. రెండవది, తీగ ఇనుము వంటి అయస్కాంత ధర్మం గల లోహమై ఉండవలెను. నైలాన్ తీగలు గల గిటారుకు ఇటువంటి పికప్ పనిచేయదు. వీణకు ఇత్తడి, కంచు తీగలు కూడా ఉంటాయి కనుక దానికి సాధారణంగా కాంటాక్టు మైకును వాడతారు.

చరిత్ర

అమెరికాలో జార్జి బోషాంప్ రూపొందించిన పికప్‌తో, అడాల్ఫ్ రికెన్‌బాకర్ భాగస్వామ్యంలో, 1932లో ఎలక్ట్రిక్ గిటార్లు అమ్మకానికి వచ్చినవి. చూడడానికి పెనంవలె ఉండుటచే ఆ వాద్యానికి "ఫ్రయింగ్ పాన్" అని పేరు వచ్చినది. ఫెండర్ సంస్థ 1954లో స్ట్రాటోకాస్టర్ గిటారును విడుదల చేసినది. దానిలో మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు ఉన్నవి. గిబ్సన్ సంస్థ ఇంజనీరు సేత్ లవర్ 1955లో రొదను తగ్గించే జంటచుట్ట పికప్‌కు పేటెంటు కోరాడు. 1959లో అది మంజూరు అయినది. "హమ్" అనే రొదను అణచునది కనుక దీనికి హంబకర్ అని పేరు.

1970వ దశకం ఆరంభంలో లారీ డిమార్జియో రూపొందించిన "సూపర్ డిస్టార్షన్" అనే పికప్, మార్చుకొనడానికే ప్రత్యేకించి అమ్మిన తొలి పికప్‌లలో ప్రసిద్ధమైనది. సేమూర్ డంకన్ సంస్థ 1976లో ప్రారంభమైనది. అప్పటినుండి గిటారు ఒక సంస్థది, పికప్ వేరొక సంస్థది కావడం సర్వసాధారణమైనది.

తెలుగువారిలో పికప్ వాడకం

తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసు నుండి క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చిన తరువాత సంగీత దర్శకుల రికార్డింగు గదులు కూడా ఇక్కడ ఏర్పడినవి. అక్కినేని నాగేశ్వరరావు స్థాపించిన అన్నపూర్ణ స్టూడియోస్, ఫిల్మ్ నగర్‌లో దగ్గుబాటి రామానాయుడు స్థాపించిన రామానాయుడు స్టూడియోస్ ఈ మార్పులో ముఖ్యమైనవి. రమణ గోగుల సంగీతం సమకూర్చిన తమ్ముడు (1999), బద్రి (2000) చిత్రాల పాటలలో రాక్ సంగీత ఛాయలు కనిపిస్తాయి.

అయితే పికప్ ఒక వాద్యం గతినే మార్చగలదనుటకు తెలుగువారిలో గొప్ప ఉదాహరణ మాండలిన్ శ్రీనివాస్ (1969-2014). పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి మాండలిన్‌ను ప్రధాన వాద్యంగా నిలబెట్టాడు. సాధారణ మాండలిన్‌లో నాలుగు జంటలుగా ఎనిమిది తీగలు ఉంటాయి. మీటిన నాదం త్వరగా ఆరిపోతుంది. దానిపై దీర్ఘమైన గమకాలు పలకడం కష్టం. ఆయన అయిదు ఒంటి తీగలు గల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను చేపట్టాడు. తీగను లాగి పలికించే గమకం చివరివరకు శ్రోతకు వినిపించడానికి పికప్, యాంప్లిఫయరు తోడ్పడినవి. సినీ సంగీత దర్శకుడు దేవి శ్రీ ప్రసాద్ ఆయన వద్దనే మాండలిన్ అభ్యసించాడు. వాయించదలచిన సంగీతానికి ఏమి కావలెనో ముందు తెలిసికొని, తదనుగుణంగా పరికరాన్ని ఎంచుకొనవలెననుటకు ఇది మంచి నిదర్శనం.

రకాలు

సింగిల్ కాయిల్: ఒకే చుట్ట గలది. స్వరం స్పష్టంగా, గలగలమని ఉంటుంది. దీనిలో సుమారు 7,500 నుండి 8,000 చుట్లు ఉంటాయి. పరిసరాలలోని విద్యుత్ రొదను కూడా గ్రహించడం దీని లోపం.

పి-90: ఇది కూడా ఒంటిచుట్టదే. చుట్ట వెడల్పుగా, సుమారు 10,000 చుట్లతో ఉంటుంది. స్వరం మరింత నిండుగా, కొంత కరకుగా ఉంటుంది.

హంబకర్: ప్రక్క ప్రక్కనే రెండు చుట్టలు గలది. వాటి అయస్కాంత ధ్రువాలు, చుట్టిన దిశలు పరస్పరం వ్యతిరేకం. తీగ నుండి వచ్చే సంకేతాలు రెండు చుట్టలలో కలిసి బలపడతాయి. వెలుపలి నుండి వచ్చే రొద ఒకదానిలోనిది మరొకదానిలోని దానిని రద్దు చేస్తుంది. రాక్, హెవీ మెటల్ సంగీతాలలో దీని వాడకం ఎక్కువ.

యాక్టివ్ పికప్: చుట్లు తక్కువగా ఉండి, లోపల చిన్న యాంప్లిఫయరు ఉంటుంది. సాధారణంగా 9 వోల్టుల బ్యాటరీతో పనిచేస్తుంది. రొద చాలా తక్కువ. బ్యాటరీ అయిపోయినచో గిటారు మూగబోవును.

అంకెలు, అపోహలు

పికప్ పెట్టెపై ముద్రించే అంకెలలో మొదటగా కనిపించేది విద్యుత్ నిరోధం. స్ట్రాటోకాస్టర్ తరహా పికప్‌కు సుమారు 6 కిలో ఓమ్‌లు, పాతకాలపు హంబకర్‌కు సుమారు 8, బలమైన హంబకర్‌కు 16 వరకు ఉంటుంది. ఈ అంకె ఎక్కువైన కొద్దీ ధ్వని ఎక్కువ అని చాలామంది విద్యార్థులు భావిస్తారు. ఇది పూర్తిగా నిజం కాదు. మరింత సన్నని రాగితీగతో అన్నే చుట్లు చుట్టినపుడు నిరోధం పెరుగుతుంది గాని ధ్వని పెరగదు. అంతేకాక, ఉష్ణోగ్రత ఒక్క సెల్సియస్ డిగ్రీ పెరిగితే రాగి నిరోధం సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల వద్ద 8 కిలో ఓమ్‌లు చూపిన పికప్, హైదరాబాదు మే నెల 40 డిగ్రీల ఎండలో సుమారు 8.6 చూపును. పికప్ మాత్రం అదే.

స్వరాన్ని నిజముగా నిర్ణయించేవి చుట్ట ప్రేరకత్వం, దానితోపాటు గిటారు వైరు కెపాసిటెన్సు. ఈ రెండూ కలిసి ఒక అనునాద పౌనఃపున్యాన్ని ఏర్పరుస్తాయి. ఆ పౌనఃపున్యం వద్ద ధ్వని బలపడి, దానికి పైనున్నవి సన్నగిల్లుతాయి. వైరుకు మీటరుకు 100 పికోఫారడ్ల చొప్పున 5 మీటర్లకు 500, పికప్‌లోనివి మరొక 100, మొత్తం 600 పికోఫారడ్లు అనుకొనిన ఎడల ఫలితాలు ఇట్లుండును:

2.4 హెన్రీల సింగిల్ కాయిల్ - సుమారు 4,200 హెర్ట్జ్
4.5 హెన్రీల సాధారణ హంబకర్ - సుమారు 3,100 హెర్ట్జ్
8 హెన్రీల బలమైన హంబకర్ - సుమారు 2,300 హెర్ట్జ్

అనగా చుట్లు పెంచిన కొద్దీ బలం పెరిగినను, పైస్థాయి స్వరాలలోని తళుకు తగ్గుతుంది. అందువలన అత్యంత బలమైన పికప్ అన్ని పాటలకూ అత్యుత్తమమైనది కాజాలదు. వైరు పొడవు పెరిగినను ఇదే విధంగా తళుకు తగ్గుతుంది.

అయస్కాంతంలో కూడా తేడాలు ఉన్నవి. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన ఆల్నికో మిశ్రమాలలో రెండవ రకం మృదువైనది, అయిదవ రకం బలమైనది. సిరామిక్ అయస్కాంతాలు మరింత బలమైనవి కనుక బరువైన రాక్ బాణీలకై తయారైన పికప్‌లలో ఎక్కువగా కనిపిస్తాయి.

మార్చడానికి ముందు

పికప్ మార్చడం ఖర్చుతో కూడిన పని. స్వరం నచ్చనపుడు దోషం పికప్‌దే అని నిర్ణయించుకొనుటకు ముందు క్రింది పరీక్షలు చేయవచ్చును. వీటికి ఖర్చు స్వల్పం.

1. పాత తీగలను తీసివేసి కొత్తవి వేయవలెను. తుప్పు, చెమట పట్టిన తీగలు మొద్దుగా పలుకుతాయి.
2. పికప్ ఎత్తును సరిచేయవలెను. చివరి మెట్టు వద్ద తీగను నొక్కిపట్టి చూచినపుడు తీగకు, పికప్‌కు మధ్య సుమారు 2 మిల్లీమీటర్ల ఎడం ఉంటే మంచి ఆరంభం. మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి శ్రుతిని చెడగొడుతుంది.
3. వేరొక వైరుతో, వేరొక యాంప్లిఫయరుతో వాయించి చూడవలెను. రాక్ స్వరంలో యాంప్లిఫయరు, స్పీకరుల పాత్ర చాలా పెద్దది.

ఇవన్నీ చేసిన తరువాత కూడా లోపం నిలిచి ఉంటేనే పికప్ సంగతి ఆలోచించవలెను. బ్రిడ్జి, శ్రుతి బిరడలు, మెట్లు సరిగాలేని గిటారుకు ఖరీదైన పికప్ వేసినను శ్రుతి నిలువదు.

రాక్ గిటారుకు ఎంపిక

బ్రిడ్జి వద్ద తీగ కదలిక తక్కువ. అక్కడి స్వరం పదునుగా, బలహీనంగా ఉంటుంది. అందువలన బ్రిడ్జి పికప్‌ను ఎక్కువ చుట్లతోను, మెడ వైపు పికప్‌ను తక్కువ చుట్లతోను తయారు చేస్తారు. రెంటి బలాలు సరితూగునట్లు చూచుకొనవలెను.

క్లాసిక్ రాక్‌కు ఆల్నికో అయస్కాంతం గల 8 కిలో ఓమ్‌ల ప్రాంతపు హంబకర్ చాలును. హెవీ మెటల్‌కు బలమైన సిరామిక్ లేదా యాక్టివ్ పికప్ అనుకూలం. ఒకే గిటారుతో పలు రకాల చిత్రగీతాలు వాయించే వారికి బ్రిడ్జి వద్ద ఒక హంబకర్, తక్కిన రెండుచోట్ల సింగిల్ కాయిల్‌లు గల ఏర్పాటు ఉపయోగకరం. నాలుగు వైర్లు గల హంబకర్‌లో ఒక చుట్టను స్విచ్చితో ఆపి సింగిల్ కాయిల్ వలె వాడుకొనవచ్చును.

కొనుటకు ముందు గాడి కొలతను, తీగల మధ్య దూరాన్ని కొలుచుకొనవలెను. మొదటి తీగ నుండి ఆరవ తీగకు దూరం కొన్ని గిటార్లలో సుమారు 50, మరికొన్నింటిలో సుమారు 53 మిల్లీమీటర్లు. వాల్యూం నియంత్రికగా సింగిల్ కాయిల్‌కు 250 కిలో ఓమ్‌లు, హంబకర్‌కు 500, యాక్టివ్ పికప్‌కు 25 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్లు వాడుట వాడుక. కావున యాక్టివ్ పికప్‌కు మారినపుడు వీటిని కూడా మార్చవలసి ఉంటుంది.

వైర్ల రంగులు సంస్థను బట్టి మారుతాయి. డంకన్ హంబకర్‌లో సంకేతం తెచ్చేది నల్ల వైరు కాగా, డిమార్జియో హంబకర్‌లో అది ఎర్ర వైరు. రెండు సంస్థల పికప్‌లను కలిపినపుడు ఒక్కొక్కసారి అవి ఒకదానికొకటి ఎదురుపడి, మంద్రస్వరాలు మాయమై ధ్వని పీలగా రావచ్చును. అపుడు పికప్ చెడినదని భావించి పారవేయరాదు. నాలుగు వైర్ల హంబకర్‌లో సంకేతపు వైరును, భూమి వైరును తారుమారు చేసి, కవచపు తీగను మాత్రం భూమికే కలిపి ఉంచినచో సరిపోవును.

రొద, భద్రత

భారతదేశంలో గృహవిద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సింగిల్ కాయిల్‌లో వినిపించే గుంయిమనే రొదలో 50, 100 హెర్ట్జ్‌లు, వాటి అనుస్వరాలు ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్లు, దీపాల డిమ్మర్లు దీనికి ముఖ్య కారణాలు. గిటారును పట్టుకొని అటూ ఇటూ తిరిగినపుడు రొద హెచ్చుతగ్గులైతే అది అయస్కాంత సంబంధమైనది. దానికి హంబకర్ మందు. తీగలను చేతితో తాకగానే రొద తగ్గితే గిటారు లోపల రాగిరేకు కవచం చాలలేదని అర్థం. దానికి పికప్ మార్చినంత మాత్రాన ప్రయోజనం తక్కువ.

తీగలు బ్రిడ్జి ద్వారా, వైరు ద్వారా యాంప్లిఫయరు లోహపెట్టెకు కలిసి ఉంటాయి. ఎర్త్ లేని ప్లగ్గుకు తగిలించిన లోపభూయిష్టమైన యాంప్లిఫయరు వలన తీగలలోనికి విద్యుత్తు రావచ్చును. ఆ స్థితిలో ఎదురుగా ఉన్న మైకును పెదవులతో తాకిన గాయకునికి ప్రాణాపాయం కలుగవచ్చును. రొద తగ్గునని ఎర్త్ వైరును తొలగించుట ఎన్నడూ చేయరాదు. వేదిక ఏదైనను ఎర్త్ సరిగా ఉన్నదీ లేనిదీ ఎలక్ట్రీషియనుచే పరీక్షింపజేయవలెను.

తొలగించిన పాత పికప్‌ను, దాని మరలతో సహా భద్రపరచుకొనుట మంచిది. కొత్తది నచ్చనపుడు తిరిగి బిగించుకొనవచ్చును. గిటారును అమ్మునపుడు కూడా అసలు భాగాలు ఉంటే దాని విలువ నిలుస్తుంది.

ఇవి కూడా చూడండి

గిటారు
మాండలిన్ శ్రీనివాస్
విద్యుదయస్కాంత ప్రేరణ
ఫిల్మ్ నగర్