బిడ్డకు తెలివి ఎట్లా వస్తుంది?

"మాకేం తెలుసు? చదువు చెప్పేది పంతులు కదా!" చాలామంది తల్లులు అనే మాట ఇది. ఈ మాట నిజమేనా?

బిడ్డ బడికి పోయేది ఐదారేళ్లకు. తెలివి అన్నాళ్లు ఆగదు. పుట్టిన నాటి నుంచే పెరగడం మొదలవుతుంది. మూడేళ్లు వచ్చేసరికి బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడులో సుమారు 80 శాతం అవుతుంది. అంటే బడి మెట్టు ఎక్కకముందే చాలా పని జరిగిపోతుంది. ఆ పని జరిగేది ఇంట్లోనే.

మెదడులో బాటలు

పొలం గట్టు మీద రోజూ నడిస్తే ఏమవుతుంది? బాట పడుతుంది. నడవకపోతే గడ్డి మొలుస్తుంది. బిడ్డ మెదడు కూడా అంతే. అందులో వేల కోట్ల కణాలు ఉంటాయి. బిడ్డ ఒక మాట విన్నప్పుడు, ఒక వస్తువు ముట్టుకున్నప్పుడు ఆ కణాల మధ్య దారి పడుతుంది. మళ్లీ మళ్లీ విన్నా, మళ్లీ మళ్లీ చేసినా ఆ దారి గట్టిపడుతుంది. వాడని దారి చెదిరిపోతుంది.

కందుల చాట దగ్గర

తాండూరు కందులకు మంచి పేరుంది. 2022లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పంట ఇంటికొచ్చిన రోజుల్లో తల్లి చాట పట్టుకొని కందులు చెరుగుతుంది. నాలుగేళ్ల బిడ్డ వచ్చి పక్కన కూర్చుంటుంది. గింజల్లో చెయ్యి పెడుతుంది. "పో అవతలికి, పని చెడగొట్టకు" అనడం తేలికే. అట్లా అనకుండా ఒక చిన్న పని చెప్తే?

"బిడ్డా, రాళ్లు ఇటు వెయ్యి. మంచి గింజలు అటు వెయ్యి."

బిడ్డ ఒక్కొక్క గింజను పట్టి చూస్తుంది. ఏది రాయి, ఏది గింజ అని తేల్చుకుంటుంది. వేరు చేయడం నేర్చుకుంటుంది. లెక్కల చదువుకు ఇదే పునాది.

"నా చేతిలో ఐదు గింజలు పెట్టు." ఇది లెక్కించడం.

"చాటల ఎక్కువున్నయా, గిన్నెల ఎక్కువున్నయా?" ఇది పోల్చి చూడడం.

"పొట్టు ఎందుకు ఎగిరిపోతుంది? గింజ ఎందుకు ఎగరదు?" ఇది ఆలోచించడం. జవాబు తప్పు చెప్పినా సరే. ఆలోచించింది కదా!

ఒక జాగ్రత్త మాత్రం మరవొద్దు. చిన్న పిల్లలు గింజలను నోట్లో, ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. మూడేళ్ల లోపు పిల్లల చేతికి గింజలు ఇవ్వొద్దు. గిన్నె, గరిటె ఇవ్వండి. పెద్ద పిల్లలు గింజలతో ఆడినా కళ్లెదుటే ఆడాలి.

గ్లాసులో నీళ్లు

స్విట్జర్లాండ్ దేశంలో జీన్ పియాజే (1896–1980) అనే శాస్త్రవేత్త ఉండేవాడు. పిల్లలు ఎట్లా ఆలోచిస్తారో ఆయన ఏళ్ల తరబడి గమనించాడు. ఆయన చేసిన ఒక పరీక్షను ఎవరింట్లోనైనా చేసి చూడొచ్చు.

రెండు ఒకే తీరు గ్లాసుల్లో నీళ్లు సమానంగా పోయాలి. రెండూ సమానమే అని బిడ్డ ఒప్పుకోవాలి. అప్పుడు బిడ్డ చూస్తుండగానే ఒక గ్లాసు నీళ్లు సన్నటి, పొడుగు గ్లాసులోకి వంచాలి. "ఇప్పుడు దేంట్ల ఎక్కువున్నయి?" అని అడగాలి. నాలుగైదేళ్ల పిల్లలు చాలామంది పొడుగు గ్లాసునే చూపిస్తారు. నీళ్లు అవే అని తెలిసేది సుమారు ఏడేళ్లకు.

ఇది మొద్దుతనం కాదు. ఆ వయసు ఆలోచనే అంత. "నీకు బుద్ధి లేదు" అని తిడితే బిడ్డ ఏమీ నేర్చుకోదు. ఆ నీళ్లు మళ్లీ మొదటి గ్లాసులో పోయనివ్వాలి. తన చేత్తో పోసి, తన కంటితో చూసినప్పుడు బిడ్డ ఆలోచనలో పడుతుంది.

"ఎందుకు?" అంటే

మూడేళ్లు దాటిన బిడ్డ రోజంతా అడుగుతూనే ఉంటుంది. "ఈ నీళ్లు ఏడికి పోతయి?" అంటుంది. "నోరు మూసుకో" అంటే రెండోసారి అడగదు. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో మూసీ నది పుడుతుంది. అక్కడి తల్లి ఇట్లా చెప్పొచ్చు: "ఈ నీళ్లు హైదరాబాద్ దాకా పోతయి. ఆడికెళ్లి ఇంకా ముందుకు పోయి కృష్ణా నదిల కలుస్తయి." జవాబు తెలియకపోతే "నాకూ తెల్వదు బిడ్డా, ఎవర్నన్నా అడుగుదాం" అంటే చాలు. తెలియనిది అడిగి తెలుసుకోవాలని బిడ్డ నేర్చుకుంటుంది.

తాండూరు కర్ణాటక సరిహద్దుకు దగ్గర. తెలుగు, ఉర్దూ, కన్నడం అక్కడ చెవిన పడుతుంటాయి. రెండు మూడు భాషలు వింటే బిడ్డ తికమక పడుతుందని భయం వద్దు. చిన్న పిల్లలు వాటిని నేర్చుకోగలరు.

జమైకా దేశం ముచ్చట

మాటతో, ఆటతో నిజంగా అంత లాభం ఉందా? జమైకా అనే పేద దేశంలో 1986లో ఒక ప్రయత్నం మొదలైంది. తిండి చాలక ఎదుగుదల తగ్గిన చిన్న పిల్లలను ఎంచుకున్నారు. వాళ్ల వయసు 9 నుంచి 24 నెలలు. ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒకసారి, గంటసేపు కొందరి ఇళ్లకు పోయారు. ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలు పట్టుకొని పోయారు. బిడ్డతో ఎట్లా ఆడాలో, ఎట్లా మాట్లాడాలో తల్లికి చూపించారు. ఇట్లా రెండేళ్లు చేశారు.

ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లలను మళ్లీ చూశారు. అట్లా ఆటా మాటా అందిన పిల్లలు, అందని పిల్లల కంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. అక్కడ బిడ్డలతో ఆడింది ఎవరు? వాళ్ల తల్లులే.

పని మీద పోయే తల్లికి తీరిక ఏది?

తాండూరు చుట్టుపక్కల నాపరాయి గనులు ఉన్నాయి. బండలు కోసి, పాలిష్ పట్టే చోట్లు ఉన్నాయి. కూలికి పోయే తల్లికి తీరిక దొరకదు. బిడ్డను వెంట తీసుకుపోతే రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు. నీళ్లు నిండిన గని గుంత ప్రాణానికే ముప్పు. అందుకే అంగన్‌వాడీ ఉంది. ఈ పథకం దేశంలో 1975 అక్టోబరు 2న మొదలైంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడ తిండితోపాటు ఆటపాటల చదువు ఉంటుంది. పైసా కట్టక్కరలేదు. చిన్నవాళ్లను ఆడించడానికి పెద్ద పిల్లను బడి మాన్పిస్తే మాత్రం ఒక బిడ్డ కోసం ఇంకో బిడ్డ చదువు పోతుంది.

ఇంట్లో కూడా వేరే తీరిక అక్కరలేదు. నీళ్లు పోసేటప్పుడు "ఇది చెయ్యి, ఇది మోచెయ్యి" అని చెప్పొచ్చు. జొన్నరొట్టె చేసేటప్పుడు చిన్న పిండి ముద్ద ఇవ్వొచ్చు. ఇంటి ముందు నాపరాయి బండ ఉంటే అదే పలక. సుద్దముక్క ఇస్తే బిడ్డ గీతలు గీస్తుంది. రైలు స్టేషనులో బోర్డు మీద ఊరి పేరు అమ్మ వేలు పెట్టి చదివితే, అక్షరం అంటే ఏందో బిడ్డకు తెలుస్తుంది. ఈ పని అమ్మ ఒక్కదానిదే కాదు. నాయన, తాత, అవ్వ కూడా చెయ్యొచ్చు.

ఏడుస్తుందని సెల్‌ఫోన్ చేతికిస్తే బిడ్డ ఊరుకుంటుంది. కాని ఫోనులో బొమ్మ బిడ్డ మాటకు బదులు చెప్పదు. రెండేళ్ల లోపు పిల్లలకు ఫోను, టీవీ చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ముచ్చటించండి

1. నిన్న మీ బిడ్డ అడిగిన ఒక ప్రశ్న చెప్పండి. మీరేం జవాబు చెప్పారు?
2. మీరు రోజూ చేసే పనుల్లో బిడ్డ కూడా చేయగలిగే పని ఏది?
3. చిన్నప్పుడు మీరు ఆడిన ఒక ఆట చెప్పండి. అందులో లెక్క ఎక్కడుంది?