పోగు తెగితే సాంచా తానే ఆగాలి
పాత మరమగ్గాలకు ఎలక్ట్రానిక్ అమరిక – భివండీ నేత కార్మికులు తెలుసుకోవలసిన విషయాలు

మహారాష్ట్రలోని ఠాణే జిల్లా భివండీ పట్టణం మరమగ్గాలకు ప్రసిద్ధి. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి తరలివెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరతరాలుగా సాంచాలు నడుపుతున్నాయి. పట్టణంలోని నాగావ్ వంటి పేటల్లో కార్ఖానాల చప్పుడు రాత్రింబవళ్ళు వినిపిస్తుంది. 1982లో ముంబయి నూలు మిల్లుల సమ్మె తరువాత నేతపని అధికభాగం ఇటువంటి పట్టణాలకు మళ్ళింది. మిల్లులు వదిలించుకున్న పాత మగ్గాలు అనేకం ఇక్కడికి చేరాయి. అటువంటి మగ్గాలకు ఎలక్ట్రానిక్ అమరికలు బిగించే పని కొంతకాలంగా సాగుతోంది. ఆ పెట్టె ఏమి చేస్తుందో, ఏమి చేయలేదో తెలుసుకోవడం కార్మికునికీ, అతడు పంపే డబ్బు కోసం ఎదురుచూసే ఇంటివారికీ అవసరం.

పాత మగ్గంలోని లోటు

సాధారణ మరమగ్గంలో పేక తెగినా, కండె అయిపోయినా మగ్గాన్ని ఆపే ఇనుప ఫోర్కు ఒకటి ఉంటుంది. ఇది 1840ల నాటి లాంకషైర్ మగ్గం నుండి వస్తున్న ఏర్పాటు. అది మగ్గానికి ఒక పక్కన ఉండడం వల్ల నాడె రెండుసార్లు తిరిగితే ఒకసారి మాత్రమే పేకను పరీక్షిస్తుంది. పడుగు విషయంలో ఆ పాటి కాపలా కూడా లేదు. పోగు తెగిన సంగతి నేత కార్మికుని కన్నే పట్టుకోవాలి.

ఒక లెక్క చూద్దాం. నిమిషానికి 150 పేకలు వేసే మగ్గంపై అంగుళానికి 60 పేకల గుడ్డ నేస్తున్నారనుకుందాం. పడుగు పోగు తెగిన సంగతి ఐదు నిమిషాలు గమనించకపోతే 750 పేకలు పడతాయి. అంటే 12.5 అంగుళాల గుడ్డలో గీత మిగులుతుంది. తెగిన కొన పక్క పోగులను చుట్టుకుంటే నష్టం ఇంకా పెరుగుతుంది. నాలుగైదు సాంచాలు ఒక్కడే చూసుకునేచోట ఇది తరచు జరిగేదే.

అమరిక పనిచేసే తీరు

పడుగులోని ప్రతి పోగు మీద డ్రాప్ పిన్ను అనే పలుచని ఉక్కు రేకు వేలాడుతుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపు రేకు పైనే నిలుస్తుంది. పోగు తెగగానే కిందనున్న పట్టీపై పడుతుంది. ఆ పట్టీలో ఒకదానికొకటి తగలని రెండు లోహపు భాగాలుంటాయి. రేకు వాటిని కలిపినప్పుడు తక్కువ వోల్టేజి కరెంటు ప్రవహిస్తుంది. విద్యుదయస్కాంతం పనిచేసి మగ్గం హ్యాండిలును తప్పిస్తుంది.

తొలినాటి ఏర్పాట్లలో అయస్కాంతానికి కావలసిన కరెంటంతా ఆ రేకు గుండానే పోయేది. నిప్పురవ్వలు లేచి, తాకేచోట మసి పట్టేది. పాత స్కూటర్లలో ప్లాటినం పాయింట్లు కాలి బండి మొరాయించడం ఊళ్ళలో చాలామంది చూసినదే. ఆ పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చాక ఆ బాధ తప్పింది. మగ్గంలోనూ అంతే. ఎలక్ట్రానిక్ పెట్టెలో రేకు గుండా స్వల్పమైన కరెంటు కబురుగా మాత్రమే వెళుతుంది. భారమైన పనిని పెట్టెలోని భాగాలు చేస్తాయి. మగ్గం అదురుకు రేకు క్షణకాలం తగిలినంతనే ఆగిపోకుండా చూసే ఏర్పాటు కూడా వీటిలో ఉంటుంది.

పెట్టె ఒక్కటే చాలదు

నిమిషానికి 150 పేకలంటే ఒక్కో పేకకు 0.4 సెకను. కబురు వెంటనే అందినా బ్రేకు సరిగా పట్టకపోతే మగ్గం మరి ఒకటి రెండు పేకలు వేసి ఆగుతుంది. తిరిగి నడిపించినచోట గుడ్డపై పట్టీ పడుతుంది. కనుక అరిగిన బ్రేకును ముందు బాగుచేయించాలి. పట్టీలపై పేరుకునే నూలుధూళిని, గంజిపొడిని తరచు తుడవాలి. లేకుంటే రేకు పడినా కరెంటు కలవదు. మోటారు వైర్లకూ, పెట్టె వైర్లకూ ఎర్తింగు సక్రమంగా ఉండాలి. కరెంటు ఆపకుండా పెట్టె మూత తీయరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. ఈ అమరిక పోగు తెగడాన్ని తగ్గించదు. తెగిన సంగతిని వెంటనే తెలుపుతుంది, అంతే. నూలు నాసిరకమైనా, గంజి సరిగా పట్టకపోయినా సాంచా మాటిమాటికీ ఆగుతుంది. కూలి మీటరు లెక్కన గనుక ఆగిన సాంచాకు కూలి రాదు. మునుపు లోపంతోనైనా గుడ్డ సాగేది. ఇప్పుడు అదీ సాగదు. గుడ్డ నాణ్యత పెరిగిన లాభం సేటుకు, ఆగిన కాలపు నష్టం కార్మికునికి అయితే న్యాయం కాదు. కన్నుకు శ్రమ తగ్గిందని మరో రెండు సాంచాలు అప్పగించేచోట చిక్కు ఇంకా పెరుగుతుంది. ఎన్ని సాంచాలు చూడాలి, మీటరుకు కూలి ఎంత, నూలు లోపంతో ఆగిన కాలానికి ఏమి ఇస్తారు అన్నవి పెట్టె బిగించక ముందే మాట్లాడుకోవాలి.

ప్రభుత్వ సాయం

కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ 2017 ఏప్రిల్ 1న పవర్‌టెక్స్ ఇండియా పథకాన్ని భివండీ నుండే ప్రారంభించింది. సాధారణ మరమగ్గాలకు ఇటువంటి అమరికలు, బ్రేకులు బిగించుకునే చిన్న యజమానులకు అందులో ఖర్చులో 50 శాతం, ఎస్సీలకు 75 శాతం, ఎస్టీలకు 90 శాతం గరిష్ఠ పరిమితికి లోబడి సాయం లభించేది. ఆ పథకం గడువు తీరిపోయింది. ఇప్పటికీ దాని పేరు చెప్పి సబ్సిడీ ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవారిని నమ్మరాదు. ప్రస్తుతం ఏ సాయం అందుతుందో పవర్‌లూమ్ సేవా కేంద్రంలో స్వయంగా విచారించుకోవడం మేలు.

రెండు మూడు సొంత సాంచాలున్నవారు అన్నిటికీ ఒకేసారి అప్పు చేయనక్కరలేదు. ముందు ఒక్క సాంచాకు బిగించి, నెలరోజులు లోపపు గుడ్డ ఎంత తగ్గిందో, ఎన్నిసార్లు ఆగిందో పుస్తకంలో రాసుకోవాలి. ఆ లెక్కను చూసి మిగతావాటి సంగతి నిర్ణయించుకోవచ్చు. కూలికి నడిపేవారు కూడా అటువంటి లెక్క ఉంచుకుంటే, కూలి మాట్లాడేనాడు అదే వారికి ఆధారమవుతుంది.