బయటికే తప్ప లోపలికి దారివ్వని పెట్టె

ఇంట్లో ఓ మూలన లైట్లు మిణుక్కుమంటూ కూర్చునే రౌటర్ గురించి మామూలుగా ఎవరికీ పట్టదు. సినిమా ఆగకుండా వస్తే చాలు, అది లోపల ఏం చేస్తోందో తెలుసుకోవలసిన పని ఉండదు. ఆ పని పడేది సొంత కంప్యూటర్‌లో ఆట సర్వర్ పెట్టి, వేరే ఊళ్లలోని స్నేహితుల్ని పిలుద్దామనుకున్నవాళ్లకు. సర్వర్ నడుస్తూనే ఉంటుంది. పక్కగదిలోంచి తమ్ముడు లాప్‌టాప్‌తో చేరి హాయిగా ఆడేస్తుంటాడు. బయటివాళ్లకు మాత్రం ఎంతసేపు చూసినా ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’. ముప్పై ఏళ్ల కిందట, కొంతకాలానికే అనుకుని చేసిన ఒక సర్దుబాటు ఇంటింటా పాతుకుపోవడమే దీనికి కారణం.

1983 జనవరి 1న ఆర్పానెట్ టీసీపీ/ఐపీ పద్ధతికి మారిన రోజున ఈ చిక్కు లేదు. నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి కంప్యూటర్‌కూ సొంత అడ్రస్ ఉండేది. ఎవరు ఎవరినైనా నేరుగా పలకరించవచ్చు. అడిగేవాళ్లు, ఇచ్చేవాళ్లు అని రెండు జాతులు లేవు. అడ్రస్‌కు 32 బిట్లు కేటాయించారు కాబట్టి మొత్తం 429 కోట్ల చిల్లర అడ్రస్‌లు. అప్పటి పరిశోధనశాలల లెక్కకు అది అంతులేని సంఖ్యే. పదేళ్లు తిరిగేసరికి అవి చాలవని తేలిపోయింది.

1994 మే నెలలో కెల్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఆర్‌ఎఫ్‌సీ 1631 పేరుతో ఓ చిన్న పత్రం వెలువరించారు. నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్, పొట్టిగా నాట్, అందరికీ పరిచయమైంది దానితోనే. లోపలి కంప్యూటర్లకు ఎక్కడైనా మళ్లీ మళ్లీ వాడుకోగల ఉత్తుత్తి అడ్రస్‌లు ఇవ్వండి, బయటికి వెళ్లేటప్పుడు మాత్రం అసలు అడ్రస్ తగిలించండి అన్నది వాళ్ల ఆలోచన. ఇది శాశ్వత పరిష్కారంగా పనికిరాదని, తాత్కాలికంగానైనా సరిపోతుందో లేదోనని రాసినవాళ్లే చివర్లో హెచ్చరించారు. ఒక ఆవిష్కరణ పుట్టుకపత్రంలోనే దాని లోపాల జాబితా ఇంత నిజాయితీగా ఉండడం అరుదు. 1996 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1918 వచ్చి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి ప్రైవేటు అడ్రస్‌లని ఖాయం చేసింది. మన ఇళ్లలో కనిపించే 192.168.1.1 ఆ కుదురులోదే.

పెట్టె లోపల జరిగేదాన్ని దగ్గరగా చూద్దాం. 192.168.1.20 అడ్రస్ ఉన్న కంప్యూటర్ తన 51000 పోర్టు (ఏ ప్రోగ్రాందో తెలిపే అంకె) నుంచి బయటి సర్వర్‌కు ఒక ప్యాకెట్ పంపిందనుకోండి. రౌటర్ ఆ ప్యాకెట్ మీద పంపినవారి అడ్రస్ చెరిపేసి తన పబ్లిక్ అడ్రస్ వేస్తుంది. అవసరమైతే పోర్టు కూడా మార్చి 62345 అని రాస్తుంది. అంకెలు మారాయి కాబట్టి తప్పులు పట్టే చెక్‌సమ్ మళ్లీ లెక్కగట్టి దిద్దుతుంది. ఈ మార్పునంతా జ్ఞాపకంలోని పట్టికలో ఒక వరుసగా రాసుకుంటుంది. 62345కు జవాబు రాగానే ఆ వరుస చూసి, అడ్రస్ తిరగరాసి, 192.168.1.20కు అందిస్తుంది. ఇదంతా సెకనుకు కొన్ని వేలసార్లు. ఎవరూ అడగకుండా బయటినుంచి వచ్చిన ప్యాకెట్‌కు మాత్రం పట్టికలో వరుస ఉండదు. ఎవరికివ్వాలో తెలియదు కనుక పారేస్తుంది. పాత ఆఫీసుల్లో ఎక్స్‌టెన్షన్ ఫోన్లు ఇలాగే ఉండేవి: లోపలినుంచి ఎవరైనా బయటికి చేసుకోవచ్చు, బయటినుంచి ఫలానా బల్లకు రావాలంటే ఆపరేటర్ కలపాల్సిందే.

ఈ కథ రెండో పాయ టెక్సాస్‌లో మొదలవుతుంది. డాలస్ పక్కనున్న మెస్కీట్‌లో ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ 1993 డిసెంబరు 10న ‘డూమ్’ విడుదల చేసింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లలో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ల పిల్లలు ఆడే ఆటలకు మూలపురుషుడు తమ పొరుగూళ్లోనే పుట్టాడని ఎందరికి తెలుసో! డూమ్‌లో నలుగురు కలిసి ఆడవచ్చు, అయితే ఒకే లోకల్ నెట్‌వర్క్‌లో. ప్రతి కంప్యూటరూ తన ఆటగాడి మీటల కదలికల్ని సెకనుకు 35సార్లు మిగతావాటికి చెప్పేది. అందరి కబురూ అందాకే ఆట ఒక్క అడుగు ముందుకు కదిలేది, అంటే నలుగురిలో నిదానమైనవాడి వేగమే అందరి వేగం. మొదటి రూపంలో ఆ ప్యాకెట్లు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లన్నిటికీ వెళ్లేవి. ఆటతో సంబంధం లేని కంప్యూటర్లు కూడా పని ఆపి వాటిని చూసి పక్కన పడేయాల్సి వచ్చేది.

1996 జూన్‌లో అదే సంస్థ తెచ్చిన ‘క్వేక్’ ఈ పద్ధతిని మార్చేసింది. ఒక కంప్యూటర్ సర్వర్, ఆటలో నిజంగా ఏం జరిగిందో తేల్చేది అదే. మిగతావి క్లయింట్లు, కదలికలు పంపి ఫలితం అందుకుంటాయి. ఇంటర్నెట్ మీదుగా ఆడవచ్చు. అన్నిటికన్నా పెద్ద సంగతి, సర్వర్ ప్రోగ్రాం కంపెనీ గుప్పిట్లో లేదు, ఆట కొన్న ఎవరైనా నడుపుకోవచ్చు. దీన్ని నేను ఆ దశాబ్దపు గొప్ప ఔదార్యాల్లో ఒకటిగా లెక్కిస్తాను. ఆస్పత్రికో బ్యాంకుకో కాదు, పదహారేళ్ల పిల్లవాడికి సర్వర్ యజమాని కావడం అప్పుడే తెలిసొచ్చింది.

మోడెమ్‌తో ఆడేవాళ్లకు మాత్రం మీట నొక్కిన చాలాసేపటికి గానీ తెర కదిలేది కాదు. వేగవంతమైన లైన్లను మనసులో పెట్టుకుని రాశానని ఆ ఆట ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ బాహాటంగానే ఒప్పుకుని, ఆ ఏడాది చివరికల్లా ‘క్వేక్‌వరల్డ్’ తెచ్చాడు. సర్వర్ జవాబు కోసం ఆగకుండా మన కంప్యూటర్ మన కదలికను ముందే ఊహించి చూపిస్తుంది, జవాబు వచ్చాక తేడా ఉంటే సవరిస్తుంది. ఈనాటికీ తుపాకీ ఆటలు చాలావరకు నడిచేది ఈ ఊహ మీదే. దూరాన్ని మాత్రం ఏ ఊహా చెరపలేదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి డాలస్‌కు అడ్డదారిన 14 వేల కిలోమీటర్లు, రానూపోనూ 140 మిల్లీసెకన్లకు తక్కువ కాదు. కేబుళ్లు చుట్టు తిరిగి వెళ్తాయి కాబట్టి నిజంగా పట్టేది ఇంకా ఎక్కువే.

విచిత్రమేమిటంటే, మోడెమ్ కాలంలో సర్వర్ పెట్టడం ఒక రకంగా తేలిక. డయల్ చేసిన కంప్యూటర్‌కే నేరుగా పబ్లిక్ అడ్రస్ వచ్చేది. 2000 ప్రాంతంలో కేబుల్, డీఎస్‌ఎల్ లైన్లతోపాటు ఇళ్లలోకి రౌటర్ పెట్టెలు వచ్చాయి. లైను వేగం పెరిగింది, కంప్యూటర్ మరుగున పడింది. వెంటనే మొరపెట్టుకున్నది ఆటగాళ్లే అనడానికి సాక్ష్యం 2002 డిసెంబరులో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ. ఆ నీలం నలుపు పెట్టె సెట్టింగుల్లో పోర్టులు తెరిచే పేజీ ఉన్న ట్యాబ్ పేరే ‘అప్లికేషన్స్ అండ్ గేమింగ్’.

ఆ పేజీలో చేసేది పట్టికలో ఒక శాశ్వత వరుస మన చేత్తో రాయడం. మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్ అయితే టీసీపీ 25565, బెడ్‌రాక్ అయితే యూడీపీ 19132, ఫలానా పోర్టుకు వచ్చిందంతా 192.168.1.20కు ఇవ్వమని. ఇక్కడ చాలామందికి రెండ్రోజుల తర్వాత ఎదురయ్యే చిక్కు ఒకటుంది. కరెంటు పోయి వచ్చాక రౌటర్ ఆ కంప్యూటర్‌కు 192.168.1.23 ఇస్తుంది, రాసిన వరుస ఖాళీ బల్లను చూపిస్తుంటుంది. అందుకే పోర్టు తెరవకముందే, రౌటర్ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లో ఆ కంప్యూటర్ మ్యాక్ అడ్రస్‌కు (హార్డ్‌వేర్ గుర్తింపుకు) ఒకే ఐపీని కట్టేయాలి. విండోస్ ఫైర్‌వాల్‌లోనూ ఆ ఆటకు అనుమతి ఉండాలి. పోర్టు తెరుచుకుందో లేదో పరీక్షించేటప్పుడు ఇంటి వైఫై నుంచి కాకుండా మొబైల్ డేటా మీద చూడాలి. చాలా రౌటర్లు సొంత పబ్లిక్ అడ్రస్‌కు లోపలినుంచి వచ్చే పిలుపును తిప్పి పంపలేవు.

వేగం గురించి ఒక్కమాట. అతిథులకు ఆటను మోసుకెళ్లేది మన అప్‌లోడ్. ఇంట్లో ఎవరో ఫోటోలు క్లౌడ్‌కు ఎక్కిస్తుంటే రౌటర్ బఫర్ నిండి ఆట ప్యాకెట్లు వాటి వెనక వరుస కడతాయి. ఇంజనీర్ జిమ్ గెటిస్ 2010లో ఈ జబ్బుకు బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. రెండేళ్లకు కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కోడెల్ అనే మందు కనిపెట్టారు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పడే రౌటర్ ఉంటే ఆ కుటుంబపు మందును ఇంట్లోనే వాడుకోవచ్చు.

పోర్టులు చేత్తో తెరవడం అందరివల్లా కాదని యూపీఎన్‌పీ వచ్చింది. ఆటే రౌటర్‌ను అడిగి పోర్టు తెరిపించుకుంటుంది. సౌకర్యమే, అయితే అడుగుతున్నది ఆటో వైరసో రౌటర్‌కు తెలియదు. నాకు దీనికన్నా ముచ్చటేసేది హోల్ పంచింగ్ అనే ఉపాయం. 2005లో బ్రయాన్ ఫోర్డ్, పైడా శ్రీసురేశ్, డాన్ కెగెల్ దీన్ని పరీక్షించి చూపిన పరిశోధన పత్రం ప్రచురించారు. ఇద్దరు ఆటగాళ్లూ మొదట ఒక మధ్యవర్తి సర్వర్‌ను పలకరిస్తారు. రౌటర్ బయట ఒకరి అడ్రస్, పోర్టు ఎలా కనిపిస్తున్నాయో అది మరొకరికి చెబుతుంది. అప్పుడు ఒకరికొకరు ఒకేసారి ప్యాకెట్లు పంపుకుంటారు. రెండు రౌటర్లూ తమ పట్టికల్లో వరుస రాసుకుని, అవతలినుంచి వచ్చింది తమ ప్యాకెట్‌కు జవాబే అనుకుని లోపలికి వదులుతాయి. అవతలి చిరునామా మారినప్పుడల్లా కొత్త పోర్టు ఇచ్చే రౌటర్ దగ్గర మాత్రం మధ్యవర్తి చెప్పిన పోర్టు పనికిరాదు. ఎక్స్‌బాక్స్ తెరమీద నాట్ రకం ‘స్ట్రిక్ట్’ అని చూపించే సందర్భాల్లో ఇదొకటి.

2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలోని చివరి ఐపీవీ4 అడ్రస్‌ల గుత్తులు పంచేశారు. అడ్రస్‌లు పంచే మన ఆసియా పసిఫిక్ సంస్థ ఏప్రిల్‌కే పొదుపు రేషన్‌కు దిగింది. అప్పటికి భారత్‌లో ఇంటింటి బ్రాడ్‌బ్యాండ్ పసిది. 2004 విధానంలో బ్రాడ్‌బ్యాండ్ అంటే 256 కేబీపీఎస్. హైదరాబాద్, విజయవాడ కేఫ్‌లలో కౌంటర్ స్ట్రైక్ ఆడిన తరానికి ఒకే గది, ఒకే స్విచ్ చాలింది. ఫైబర్ ఇళ్లకు చేరే వేళకు అడ్రస్‌లు మిగల్లేదు. అందుకే ప్రొవైడర్లు ఊరందరికీ కలిపి తమ ఆఫీసులో మరో నాట్ పెట్టారు, సీజీనాట్. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (బయటివైపు అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు దాని వెనకున్నట్టే. మన రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా అవతలి పట్టికలో రాసే హక్కు మనకు లేదు. నెలకింత అని స్టాటిక్ ఐపీ కొనుక్కోవడం, లేదా బయట అద్దెకు తీసుకున్న సర్వర్ గుండా సొరంగం వేసుకోవడం మిగిలిన దారులు. ఒకప్పుడు ప్రతి కంప్యూటర్‌కూ సహజంగా ఉన్న స్థానాన్ని అదనపు సేవగా అమ్మడం నాకు సమ్మతం కాదు.

తెరిచిన తలుపుకు భయముందన్నది నిజమే. 2016లో ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ రౌటర్లనూ లక్షల్లో లోబరుచుకున్న మిరాయ్ అనే మాల్‌వేర్‌ను తయారుచేసింది అమెరికన్ కుర్రాళ్లు. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ల వ్యాపారంలోని పోటీలకూ దానికీ దగ్గరి చుట్టరికం. కాబట్టి కావలసిన ఒక్క పోర్టే తెరవాలి, ఆట అయిపోయాక మూసేయాలి, స్నేహితులకు వైట్‌లిస్ట్ పెట్టాలి, రౌటర్ పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చాలి.

అసలు మందు 128 బిట్ల ఐపీవీ6 1998 నుంచీ ఉంది. దాని వాడకంలో భారత్ ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. 2016లో జియో మొదలైనప్పటి నుంచీ ఇది మన ఫోన్లలో మామూలు సంగతి. అందులో ప్రతి పరికరానికీ మళ్లీ సొంత పబ్లిక్ అడ్రస్ వస్తుంది, పట్టికలతో పనిలేదు. రౌటర్ ఫైర్‌వాల్ మాత్రం బయటి పిలుపుల్ని మామూలుగా ఆపే ఉంచుతుంది. ఐపీవీ6 ఫైర్‌వాల్ పేజీలో సర్వర్ కంప్యూటర్ అడ్రస్‌కు, ఆ ఒక్క పోర్టుకు అనుమతి రాయాలి. ప్రొవైడర్ ఇచ్చిన కొన్ని రౌటర్లలో ఆ పేజీని దాచేస్తారు. కనెక్షన్ తీసుకునే ముందే ఆ పేజీ ఉంటుందా అని అడగండి, లేదంటే సొంత రౌటర్ పెట్టుకోనిస్తారా అని అడగండి.